లోటు బడ్జెట్‌తో చర్చ గెలవడం ఎలా?
చెన్నై టీవీ స్టూడియోలకు కొత్తగా వెళ్తున్న అధికార ప్రతినిధులకు పన్నెండు చిట్కాలు

అభినందనలు. పార్టీ మిమ్మల్ని అధికార ప్రతినిధిని చేసింది. ఏ పార్టీ అన్నది అనవసరం. ఈ చిట్కాలు అన్నిటికీ పనికొస్తాయి, కండువా రంగు మార్చుకుంటే చాలు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఢిల్లీ వాళ్లతో ఇంగ్లీషు మాట్లాడతారు కాబట్టి మూడు భాషల్లో జవాబు దాటవేసే వరం మీకు ముందే ఉంది.

బడ్జెట్ అంటే కంగారు పడకండి. సెయింట్ జార్జి కోటలో, అసెంబ్లీలో, ఆర్థిక మంత్రిగారు గంటల తరబడి చదువుతారు. మీరు వినక్కర్లేదు. ప్రసంగంలో తిరుక్కురళ్ ఎక్కడ వచ్చిందో కనుక్కుని అదొక్కటీ బట్టీ పట్టండి. రాత్రి చర్చలో దాన్ని రాగం తీసి చదివితే, ఆ తర్వాత అంకెలు అడిగినవాడు సంస్కృతిని కించపరిచినట్టే లెక్క. మిగతాదంతా కింద ఉంది. వరసగా పాటించండి.

1. ఊట ఎక్కడుందో తెలుసుకోండి

గల్ఫ్ దేశాల ఖజానా చమురు మీద నడుస్తుంది. మనది రెండు ద్రవాల మీద నడుస్తుంది: బంకులో పోసేది ఒకటి, గ్లాసులో పోసేది ఒకటి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక చాలా సరుకుల మీద పన్ను రేటు కౌన్సిల్ చేతికి పోయింది. పెట్రోలు, డీజిలు, తాగే మద్యం మాత్రం బయట మిగిలాయి. రాష్ట్రం తనంతట తాను రేటు పెంచుకుని రేపటికల్లా డబ్బు చూడగల పెద్ద దారులు ఇవే.

కావేరి డెల్టాలో నరిమణం దగ్గర నిజమైన చమురే ఉంది, మణలిలో రిఫైనరీ ఉంది. వాటిని చూసి మోసపోకండి. అసలు బావి మీ వీధి చివర ఇనుప కటకటాల వెనక ఉంది. మధ్యాహ్నం 12కి తెరిచి రాత్రి 10కి మూస్తారు. ఒకసారి ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర నిలబడి చూడండి. కటకటాల సందులోంచి ఆరేడు చేతులు ఒకేసారి లోపలికి పోతాయి, ప్రతి చేతిలో నాలుగు మడతల నోటు. ఒక్కో చెయ్యి క్వార్టర్ సీసా పట్టుకుని బయటికొస్తుంది. ఎవరూ బేరమాడరు. ఇందులో పన్నెంత అని ఎవరూ అడగరు.

ప్రభుత్వ మద్యం సంస్థ టాస్మాక్ ద్వారా 2003-04లో ఖజానాకు చేరింది 3,639 కోట్లు. 2024-25లో చేరింది 48,344 కోట్లు. రాష్ట్రం సొంత పన్నుల రాబడిలో దాదాపు పావు వంతు. ఈ అంకెలు మీకు కంఠతా రావాలి. అధికారంలో ఉన్నప్పుడు మాత్రం గొంతు దాటకూడదు.

2. రాగానే శ్వేతపత్రం వేయించండి

తొలి వంద రోజుల్లో వేయించాలి. తర్వాత చెల్లదు. 2001లో అన్నాడీఎంకే ప్రభుత్వం తరఫున ఆర్థిక మంత్రి పొన్నయ్యన్ వేశారు. 2021 ఆగస్టు 9న డీఎంకే ప్రభుత్వం తరఫున ఆర్థిక మంత్రి పళనివేల్ త్యాగరాజన్ వేశారు. ఒక్కో కుటుంబం నెత్తిన 2,63,976 రూపాయల అప్పు ఉందని తేల్చారు. చివరి ఆరు రూపాయలను గమనించండి. అవి లేకపోతే అంకెకు నిజంలాంటి కళ రాదు.

మన తెలుగువాళ్లూ తక్కువ తినలేదు. 2023 డిసెంబరు 20న తెలంగాణ అసెంబ్లీలో భట్టి విక్రమార్క 6.71 లక్షల కోట్ల అప్పుందని శ్వేతపత్రం పెడితే, నాలుగు రోజులకే ప్రతిపక్షం తరఫున కేటీఆర్ స్వేదపత్రం విడుదల చేశారు. 2024 జులైలో అమరావతిలో చంద్రబాబు వరసపెట్టి శ్వేతపత్రాలు వదిలారు. మద్యానికొకటి, ఖజానాకొకటి.

ఒకటే నియమం: అధికారానికి ఒక శ్వేతపత్రం. ఎన్నికల ఏడాది ఎవరైనా రెండోది అడిగితే "మొదటిది చదివారా?" అని ఎదురు ప్రశ్న వేయండి. వాళ్లు చదివి ఉండరు. మీరూ చదవలేదు. చర్చ సరిసమానంగా ముగుస్తుంది.

3. ఒకే అప్పుకు రెండు అంకెలు దగ్గర పెట్టుకోండి

2026 మార్చి ఆఖరుకు తమిళనాడు అప్పు 9,29,959 కోట్లు అవుతుందని 2025-26 బడ్జెట్ అంచనా. ప్రతిపక్షంలో ఉంటే ఈ అంకెను ఒక్కో స్థానం విడదీసి, వేలు ఊపుతూ చదవండి. తర్వాత జనాభాతో భాగించి, ఎగ్మూరు ఆసుపత్రిలో ఇప్పుడే పుట్టిన పసిబిడ్డ తల మీద పెట్టండి. అధికారంలో ఉంటే "జీఎస్‌డీపీలో సుమారు 26 శాతమే" అనండి. చివరి 'మే' మీద ఊనిక ఉండాలి.

ద్రవ్య లోటు 1,06,963 కోట్లు అని ఎవరైనా అంటే "మూడు శాతం, గీత దాటలేదు" అనండి. రెవెన్యూ లోటు 41,635 కోట్ల మాట ఎత్తితే కాస్త జాగ్రత్త. జీతాలు, వడ్డీలు, సబ్సిడీలకే అప్పు చేస్తున్నామని దానర్థం. అప్పుడు 'పెట్టుబడి' అనే మాటను వాక్యంలో ఎక్కడో ఒకచోట ఇరికించండి. జీతం మనిషి మీద పెట్టుబడి, సబ్సిడీ ఇంటి మీద పెట్టుబడి, వడ్డీ పరపతి మీద పెట్టుబడి.

రెవెన్యూ ఖాతా 2013-14 నుంచి లోటులోనే ఉందన్న సంగతి మాత్రం అధికారపక్షం, ప్రతిపక్షం ఇద్దరూ తేకండి. ఆ కాలంలో ఇద్దరూ కుర్చీలో కూర్చున్నారు. ఇది పెద్దమనుషుల ఒప్పందం.

4. బంకు బిల్లును సగానికి చింపండి

లీటరు పెట్రోలు బిల్లులో కేంద్రం సుంకం ఉంటుంది, రాష్ట్రం వ్యాట్ ఉంటుంది. మీరు ఏ పక్షమైతే ఆ ముక్కను జేబులో దాచి రెండో ముక్కను కెమెరాకు చూపించండి.

రాష్ట్రం పక్షమైతే ఇలా మొదలుపెట్టండి: 2021 ఫిబ్రవరి నాటికి కేంద్రం లీటరుకు 32.90 రూపాయలు తీసుకుంటే, అందులో రాష్ట్రాలతో పంచుకోవలసిన మూల ఎక్సైజు సుంకం 1.40 రూపాయలే. మిగతాది సెస్సు, సర్‌చార్జి. వాటిలో రాష్ట్రానికి వాటా లేదు. ఇది నిజం కాబట్టి ఎక్కువసేపు చెప్పకండి, అలవాటైపోతుంది. వెంటనే "రూపాయి పంపితే 29 పైసలు తిరిగొస్తున్నాయి" అన్న డీఎంకే నేత ఉదయనిధి మాటకు దూకండి.

కేంద్రం పక్షమైతే 2022 ఏప్రిల్‌లో ప్రధాని ముఖ్యమంత్రుల సమావేశంలో చెప్పింది చెప్పండి: మేం సుంకం తగ్గించాం, తమిళనాడుతో సహా కొన్ని రాష్ట్రాలు వ్యాట్ తగ్గించలేదు. అవతలివాళ్లు "మేం 2021 ఆగస్టులోనే మూడు రూపాయలు తగ్గించాం" అంటారు. మీరు "అది మా తగ్గింపు కంటే ముందు" అనండి. "ముందే తగ్గించడం తప్పా?" అంటారు. ఈ గిరగిర తిరుగుడు ప్రకటనల విరామం దాకా హాయిగా సాగుతుంది. ఆ పోయిన రాబడి ఏ ఖర్చులోంచి కోస్తారని యాంకర్ అడగడు. అడిగితే ఇద్దరూ కలిసి అతని మీద పడండి.

5. హామీ ఐదుకివ్వండి, మూడుకి దించండి

2021 మేనిఫెస్టోలో డీఎంకే పెట్రోలు మీద ఐదు, డీజిలు మీద నాలుగు తగ్గిస్తామంది. ఆగస్టు బడ్జెట్‌లో పెట్రోలు మీద మూడు తగ్గింది. దానికే ఏడాదికి 1,160 కోట్లు పోతాయన్నారు. మిగిలిన రెండు, డీజిలు నాలుగు ఎక్కడని అడిగేవాడికి "ఖజానా ఖాళీగా అప్పజెప్పారు" అని చెప్పి రెండో చిట్కా కిందికి పంపండి.

హామీల వేలంపాటలో ఎప్పుడూ రెండో పాట పాడకుండా ఉండకండి. 2021 మార్చి 7న స్టాలిన్ గృహిణులకు నెలకు వెయ్యి అన్నారు. మర్నాడే అన్నాడీఎంకే నేత పళనిస్వామి పదిహేను వందలు అన్నారు. ఆ రాత్రి ఏ స్టూడియోలోనూ ఈ డబ్బు ఎక్కడినుంచి తెస్తారన్నది పెద్ద ప్రశ్న కాలేదు, ఎవరు ముందన్నారన్నదే ప్రశ్న. ఆ ఒరవడి పాడుచెయ్యకండి.

6. మద్యనిషేధాన్ని మనసారా, దశలవారీగా ప్రేమించండి

నిషేధం వద్దని ఎప్పుడూ అనకండి. "దశలవారీగా" అనండి. దశ అంటే ఐదు వందలు. 2016లో జయలలిత తొలి సంతకంతో మూసింది ఐదు వందల దుకాణాలు. 2017లో పళనిస్వామి మూసింది ఐదు వందలు. 2023 జూన్‌లో స్టాలిన్ ప్రభుత్వం మూసింది ఐదు వందలు. రాబడి మాత్రం మొత్తమ్మీద పెరుగుతూనే వచ్చింది. మూసిన దుకాణం గిరాకీ పక్క వీధి దుకాణానికి నడిచి వెళ్తుంది, కాళ్లకు వ్యాయామం కూడా.

చరిత్ర తెలిస్తే ఈ చిట్కా రుచి ఇంకా పెరుగుతుంది. 1937లో మద్రాసు ప్రభుత్వాధినేతగా రాజాజీ సేలం జిల్లాలో నిషేధం పెట్టారు. తర్వాత మన చిత్తూరు, కడప జిల్లాలకూ పాకించారు. కల్లు, సారా రాబడి పోతుందని తెలిసి, ఆ లోటు పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. తాగుడు డబ్బు వదులుకుని బదులు ఫలానాచోట తెస్తానని ముందే చెప్పడం ఎంత అమాయకత్వమో చూడండి. తర్వాతి తరాలు దాన్ని సరిదిద్దాయి. 1971లో కరుణానిధి నిషేధం ఎత్తేయబోతుంటే, వృద్ధుడైన రాజాజీ వానలో వెళ్లి వద్దని వేడుకున్నారు. కొత్తగా నిషేధం పెట్టే రాష్ట్రాలకు ఇచ్చే పరిహారం ఎప్పటినుంచో పాటిస్తున్న మాకు కేంద్రం ఇవ్వదట, మేమేం చేసేది అన్నది అప్పటి ప్రభుత్వం మాట. 1974లో మళ్లీ మూశారు. 1981లో ఎంజీఆర్ మళ్లీ తెరిచారు, 1983లో టాస్మాక్ పుట్టింది, 2003లో చిల్లర అమ్మకం కూడా దాని చేతికొచ్చింది.

ఇప్పుడు 2024-25 లెక్క చూడండి. ఆ 48,344 కోట్లలో 37,324 కోట్లు వ్యాట్. అంటే రాజాజీ తెచ్చిన అమ్మకపు పన్ను వారసుడే. సారా డబ్బు మానేయడానికి పుట్టిన పన్ను సారా దుకాణంలోనే స్థిరపడింది. ఇంతకంటే పొదుపైన పాలన ఉండదు.

7. ధరకు ఆరోగ్యం, అమ్మకానికి అభివృద్ధి

క్వార్టర్ ధర పది పెంచితే "తాగుడు తగ్గించడానికే" అనండి. ఏడాది చివర అమ్మకం పెరిగితే "జనం కొనుగోలు శక్తి పెరిగింది" అనండి. అమ్మకం తగ్గితే "మా అవగాహన ప్రచారం ఫలించింది" అనండి. ఈ మూడు జవాబులూ ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. ఎప్పుడైనా ఒకటి నిజమై తీరుతుంది. యాంకర్ "కుటుంబాలు వీధిన పడుతున్నాయి కదా సార్" అంటే "అందుకే ఆ కుటుంబాలకు పథకాలు ఇస్తున్నాం" అనండి. డబ్బు భర్త జేబులోంచి వెళ్లి భార్య ఖాతాలోకి వస్తుంది. మధ్యలో మన ఫొటో పడుతుంది.

8. కష్టమైన పన్ను వారసుడికి వదిలేయండి

ఇంటి పన్ను, కరెంటు చార్జీ, బస్సు టికెట్టు జోలికి పోకండి. చెన్నై నగరంలో 1998 తర్వాత ఇంటి పన్ను నిలిచేలా మొదటిసారి పెరిగింది 2022లో. మధ్యలో 2018లో పెంచితే డీఎంకే రోడ్డెక్కింది, అది వెనక్కి పోయింది. 2022లో పెంచితే అన్నాడీఎంకే రోడ్డెక్కింది. ఇంటాయన కార్పొరేషన్ ఆఫీసుకు వస్తాడు, కోర్టుకు పోతాడు, అపార్టుమెంటు సంఘం తీర్మానం చేస్తుంది. కటకటాల ముందు నిలబడ్డవాడు సంఘం పెట్టడు, కరపత్రం వేయడు, తన పన్ను రసీదు ఊపుతూ టీవీకి ఎక్కడు. పైగా అతనికి నలుగురిలో పేరు చెప్పుకోవడమే సిగ్గు. ఇలాంటి పన్ను చెల్లింపుదారు దొరికాక మరొకరి దగ్గరికి పోవడం శ్రమదండగ.

9. అంకె ఇబ్బంది పెడితే అక్షరం పట్టుకోండి

2025 మార్చి 13న, బడ్జెట్‌కు ముందు రోజు, రూపాయి గుర్తు బదులు తమిళ 'రూ' అక్షరంతో బడ్జెట్ చిహ్నం విడుదలైంది. అంతే. రూపాయి గుర్తు గీసిన ఉదయకుమార్ డీఎంకే మాజీ ఎమ్మెల్యే కొడుకని ఒకరు, ఇలాంటి 'రూ' తెలుగు, కన్నడ బోర్డుల మీద లేదా అని ఇంకొకరు. గుర్తు పక్కన ఉన్న అంకెను పట్టించుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. ఏ పార్టీవాళ్లయినా ఈ వ్యూహానికి దండం పెట్టాలి. మీ దగ్గర అక్షరం లేకపోతే పేరు వాడండి, విగ్రహం వాడండి, ఢిల్లీ నుంచి వచ్చిన ఉత్తరం వాడండి.

10. పథకం సెప్టెంబరులో మొదలుపెట్టండి, అప్పు సంస్థ పేరున రాయండి

గృహిణుల వెయ్యి రూపాయల పథకం 2023 సెప్టెంబరు 15న మొదలైంది. ఆ ఏడాది కేటాయింపు 7,000 కోట్లు. మరుసటి ఏడాది 13,720 కోట్లు. మొదటి ఏడాది అంకెతో శంకుస్థాపన చేయండి, రెండో ఏడాది అంకెను సవరించిన అంచనాల పట్టికలో కలిపేయండి. మార్చిలో బడ్జెట్ అంచనా మొదటి పేజీలో వస్తుంది, మరుసటి ఏడాది సవరించిన అంచనా లోపలి పేజీలో వస్తుంది, కాగ్ లెక్క వచ్చేసరికి పేపరువాళ్లకు వేరే పని ఉంటుంది. చివరి మూడు నెలల్లో డబ్బు చాలకపోతే రోడ్లు, కాలువల పనులు నెమ్మదింపజేయండి. ఆగిపోయిన కాలువకు ప్రారంభోత్సవం ఉండదు కాబట్టి ఆగిందని ఎవరికీ తెలియదు, డిసెంబరు వానలకు వేళచ్చేరిలో నీళ్లు నిలిచేదాకా.

ఇంకా చాలకపోతే కరెంటు సంస్థ, బస్సు సంస్థల పేరున అప్పు తీయించి హామీ సంతకం మాత్రం మీరు పెట్టండి. ఆంధ్రప్రదేశ్ ఇంకో మెట్టెక్కింది. 2022లో అక్కడి బెవరేజెస్ కార్పొరేషనే బాండ్లు అమ్మి అప్పు తెచ్చింది. ఇంకా ఎవరూ తాగని సీసా మీద అప్పు పుట్టించడం చిన్న విద్య కాదు.

11. నార్వే పేరు ఎత్తనివ్వకండి

ప్యానెల్‌లో ఒక ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ ఉంటాడు. మాట్లాడే అవకాశం వస్తే నార్వే అంటాడు: చమురు డబ్బును 1990లో చట్టం చేసి విడిగా నిధిలో పెట్టారు, అందులో ఏటా మూడు శాతం దాకానే వాడుకుంటారు. వెంటనే "అక్కడ జనాభా ఎంత సార్?" అని అడ్డుకోండి. మీకు ఆదర్శం అలాస్కా. ఆ రాష్ట్రం 1980లో ఆదాయపు పన్ను ఎత్తేసింది, 1982 నుంచి ప్రతి నివాసికీ ఏటా చమురు నిధి చెక్కు పంపుతోంది. చమురు ధర పడినప్పుడల్లా చెక్కు కొయ్యాలా, పన్ను తేవాలా అని వాళ్ల శాసనసభ కొట్టుకుంటుంది. రెండిటిలో ఏదీ చేయడానికి ఎవరికీ మనసొప్పదు. ప్రజాస్వామ్యం అంటే అదీ. ఊట తగ్గే రోజు కోసం దాచడమంటే, దాచినదాన్ని అవతలి పార్టీ వచ్చి పంచిపెట్టడానికి సాయం చేయడమే.

12. ఓడిపోతే దిగులు పడకండి

అప్పు కోటలోనే ఉంటుంది, మీ వెంట ఇంటికి రాదు. మీరు స్టూడియోలో బల్లకు అటువైపు కుర్చీకి మారండి. అయిదేళ్లుగా మిమ్మల్ని అడిగిన ప్రశ్నలన్నీ కంఠతా ఉన్నాయి కదా, ఇక మీరు అడగండి. అంకెను శాతంలోంచి లక్షల కోట్లలోకి మార్చండి. దశలవారీ వద్దు, సంపూర్ణ నిషేధం ఈ రాత్రికే కావాలని బల్ల గుద్దండి. కొత్త ప్రభుత్వాన్ని శ్వేతపత్రం వేయమని సవాలు చేయండి. వాళ్లు ఎలాగూ వేస్తారు, సవాలు మీది అవుతుంది.

యాంకర్ ఒక్కటి మాత్రం తప్పకుండా అడుగుతాడు: "మీరు ఉన్నప్పుడు ఎందుకు చేయలేదు?" కళ్లలోకి చూసి చెప్పండి: "అప్పుడు ఖజానాలో డబ్బు లేదు." ఈ వృత్తిలో మీరు పలకబోయే ఒకే ఒక్క నిజం ఇది. తొందరపడి ముందే వాడెయ్యకండి.